బెంగళూరు పోయి అదే రోజు రావాలంటే: పాపకు పెద్దనాయన ఉత్తరం

చిరంజీవి పాపకు, పెద్దనాయన ఆశీస్సులు.

నీకు బెంగళూరులో ఇంటర్వ్యూ వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మన ఇంట్లో ఆడపిల్ల ఒక్కతే అంత ఊరు పోయి, పని చూసుకొని, రాత్రికి ఇల్లు చేరడం ఇదే మొదలు. చాలా సంతోషం తల్లీ. కానీ ఆ వెంటనే మీ అమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. అనంతపురంలో తెల్లవారుజామున ఎక్స్‌ప్రెస్ ఎక్కుతావంట, అది తొమ్మిదికి బెంగళూరులో దించుతుందంట, పదిన్నరకు బెంగళూరు ఉత్తరం వైపున్న హెబ్బాళలో ఇంటర్వ్యూ అంట. అది విన్నాక నాకు నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెబితే సగం విని "సరే పెద్దనాయనా" అంటావు. అందుకే రాస్తున్నాను. చివరిదాకా చదువు.

చిన్నవి ముందు చెప్పేస్తాను. కాల్ లెటర్, ఒరిజినల్ సర్టిఫికెట్లు, ఆధార్ ముందురోజే సంచిలో పెట్టుకో. ఫోన్ నిండా చార్జింగ్ ఉండాలి. నీళ్ళు, తినేది ఇంటి నుంచే. కొంత చిల్లర దగ్గర పెట్టుకో. అంతే.

ఇప్పుడు అసలు సంగతి. రైలు ఎంచుకునేటప్పుడు అందరూ ఎన్ని గంటలకు ఎక్కాలి, ఎన్ని గంటలకు దిగాలి అని చూస్తారు. ఆ బండి ఎక్కడ బయలుదేరిందని ఎవరూ చూడరు. ఒకేరోజు పోయి రావాల్సిన మనిషికి వేగం కంటే ఇదే ముఖ్యం. అనంతపురం మీదుగా బెంగళూరు పోయే ఎక్స్‌ప్రెస్‌లు చాలావరకు మన దగ్గర బయలుదేరేవి కావు. ఉద్యాన్ ముంబై నుంచి వస్తుంది. ప్రశాంతి భువనేశ్వర్ నుంచి. కర్ణాటక ఎక్స్‌ప్రెస్ ఢిల్లీలో బయలుదేరి మూడోరోజుకు మన ఊరు చేరుతుంది. అంత దూరంలో ఎక్కడ సిగ్నల్ చెడినా, ఎక్కడ పశువు అడ్డం వచ్చినా, ఎక్కడ పట్టాల పని జరిగినా ఆ ఆలస్యం మోసుకొనే ఇక్కడికి వస్తుంది. డిసెంబర్, జనవరి నెలల్లో ఉత్తరాదిన పొగమంచు పడితే, మనకు ఇక్కడ ఎండ కాస్తున్నా ఢిల్లీ బండి లేటే. అదే హిందూపురంలో పొద్దున బయలుదేరే లోకల్ ఉందనుకో, దానికి మోసుకొచ్చే ఆలస్యం ఏదీ ఉండదు. మెల్లగా పోతుంది, ప్రతి ఊర్లో ఆగుతుంది, అయినా ఎప్పుడు చేరుతుందో ముందే లెక్క కట్టుకోవచ్చు.

మీ నాయనకు జరిగింది నీకు చెప్పి ఉండడు. పెళ్ళికి ముందు ఒక పరీక్షకు బెంగళూరు పోయినాడు. నువ్వు వేసుకున్న లెక్కే తనూ వేసుకున్నాడు. బండి పరీక్షకు గంటన్నర ముందు చేరుతుంది, ఇంకేం కావాల అని. అనంతపురానికే అది ముక్కాల్ గంట లేటు. ప్లాట్‌ఫాం మీద ఉన్నవాళ్ళు "ఏం కాదు, బెంగళూరు పోయేసరికి కవర్ చేస్తుంది" అన్నారు. ఎక్కినాడు. హిందూపురం దాటేసరికి కొంచెం కవర్ అయింది కూడా. బెంగళూరు ఇంకో రెండు కిలోమీటర్లుందనగా ఔటర్‌లో ఆగిపోయింది. ప్లాట్‌ఫాం ఖాళీ లేదు. ముందు వచ్చిన బండి కదిలేదాకా అక్కడే. పరీక్ష హాలు దగ్గరికి పోయేసరికి గేటు మూసేసినారు. ఆ రోజు నుంచి మీ నాయన ఎక్కడికి పోయినా గంట ముందు పోయి కూర్చుంటాడు. నువ్వు దానికి ఎగతాళి చేస్తుంటావు. ఇకమీదట చెయ్యొద్దు.

ఆ "కవర్ చేస్తుంది" అనే మాటలోనే మోసం ఉంది, అది నువ్వు బాగా అర్థం చేసుకోవాల. టైంటేబుల్ వేసేవాళ్ళు ప్రతి దూరం బండికి దారిలో కొంత అదనపు సమయం దాచి పెడతారు. ఆలస్యమైతే సర్దుకోవడానికి. అందులో ఎక్కువ భాగం చివరి మజిలీ ముందర పెడతారు, ఎందుకంటే బండి టైంకు చేరిందా లేదా అని లెక్క తీసేది చివరి స్టేషన్ దగ్గర. బెంగళూరు ముందర వచ్చే యలహంక నుంచి, ఊరి నడుమ మెజెస్టిక్ దగ్గరి పెద్ద స్టేషన్‌కు ఇరవై కిలోమీటర్ల లోపే. మామూలుగా పోతే అరగంట కూడా అక్కర్లేదు. కాగితం మీద మాత్రం చాలా బండ్లకు అంతకంటే బాగా ఎక్కువ ఇస్తారు. దీనివల్ల రెండు జరుగుతాయి. ఒకటి, హిందూపురంలో అరగంట లేటుగా ఉన్న బండి కూడా ఒక్కోరోజు మెజెస్టిక్‌లో సరిగ్గా టైంకు చేరుతుంది. దాన్ని చూసి జనం "ఎప్పుడూ టైంకే వస్తుంది" అనుకుంటారు. రెండు, ఆ దాచిన సమయంలో ఎక్కువ భాగం యలహంక తర్వాతే ఉంది కాబట్టి, హెబ్బాళ కోసం యలహంకలో దిగాల్సిన నీకు అందులో పెద్దగా ఏమీ రాదు. హిందూపురంలో ఎంత లేటో యలహంకలోనూ దాదాపు అంతే లేటు. మెజెస్టిక్ దాకా పోయేవాళ్ళకేమో ఔటర్‌లో ఆగితే ఆ దాచుకున్న సమయం అక్కడికక్కడే కరిగిపోతుంది. మీ నాయనకు జరిగింది అదే.

నా మాట నమ్మాలని లేదు, నువ్వే చూడు. రైల్వేవాళ్ళ ఎన్‌టీఈఎస్ యాప్ తెరిచి, నువ్వు అనుకుంటున్న ఎక్స్‌ప్రెస్ నంబరు కొట్టి, ఈ రోజు నుంచి వారం పాటు రోజూ పొద్దున అది హిందూపురం, యలహంక ఎన్నింటికి దాటిందో ఒక కాగితం మీద రాసుకో. బెంగళూరు చేరిన టైం రాయొద్దు. వారంలో అన్నిటికన్నా ఎక్కువ లేటైన రోజు ఏదో చూడు. ఇంటర్వ్యూ రోజు కూడా అంతే లేటవుతుందనుకొని లెక్క వెయ్యి. మిగిలిన ఆరు రోజుల్ని చూసి ధైర్యం తెచ్చుకోవద్దు.

అందుకే నేను చెప్పేదేమంటే, ముందురోజు సాయంత్రానికి హిందూపురం మీ అత్త ఇంటికి పో. ఆర్టీసీ బస్సులున్నాయి, రైళ్ళూ ఉన్నాయి. అత్తకు నేను చెబుతాను. రాత్రి అక్కడ తిని నిద్రపోయి, పొద్దున ఆఫీసులకు పోయేవాళ్ళతో పాటు మెమూ, అంటే కరెంటుతో నడిచే లోకల్ బండి, ఎక్కు. రోజూ బెంగళూరు పోయి వచ్చే హిందూపురం, గౌరీబిదనూరు వాళ్ళు వేగం చూసి దాన్ని ఎంచుకోలేదు. టైంకు ఆఫీసులో ఉండాలి కాబట్టి ఎంచుకున్నారు.

మెమూలో లోపాలు లేవని కాదు. వెనక ఎక్స్‌ప్రెస్ వస్తుంటే చిన్న స్టేషన్‌లో దీన్ని లూప్‌లో, అంటే పక్క లైన్‌లో పెట్టి, పెద్దబండిని ముందు పంపిస్తారు. పావుగంట, ఇరవై నిమిషాలు అక్కడే పోతాయి. లేటు బండ్లు ఎక్కువగా ఉన్న రోజు ఇది రెండుసార్లు జరగొచ్చు. దానికో అరగంట లెక్కలో వేసుకో. రెండోది, పట్టాల పనికోసం లైన్ బ్లాక్ తీసుకున్నప్పుడు మొట్టమొదట రద్దు చేసేది ఇలాంటి లోకల్ బండ్లనే. కొన్నిసార్లు పూర్తిగా రద్దు చెయ్యకుండా సగం దారిలోనే ఆపేస్తారు. కొన్ని మెమూలకు ఆదివారం సెలవు. కాబట్టి ముందురోజు రాత్రి పడుకోబోయే ముందు, పొద్దున లేచిన వెంటనే, రెండుసార్లూ యాప్‌లోనో రైల్వేవాళ్ళ 139కు ఫోన్ చేసో చూసుకో. హిందూపురం స్టేషన్ మన జిల్లాల్లో ఉన్నా నైరుతి రైల్వే కిందికి వస్తుంది. అనంతపురం దాని కిందికి రాదు. అందుకని అక్కడి మెమూ మార్పుల కబురు అనంతపురం స్టేషన్ బోర్డు మీద వెతికితే దొరక్కపోవచ్చు. మూడోది, గౌరీబిదనూరు దగ్గర, మళ్ళీ దొడ్డబళ్ళాపురం దగ్గర జనం విపరీతంగా ఎక్కుతారు. హిందూపురంలో బండి పెట్టగానే ఎక్కి కిటికీ పక్కన కూర్చో, వాకిలి దగ్గర నిలబడొద్దు. ఆడవాళ్ళ పెట్టె ఎక్కడుందో ప్లాట్‌ఫాం మీదే అడుగు. మరుగుదొడ్డి సంగతి పెట్టెను బట్టి ఉంటుంది, బయలుదేరే ముందు ఇంట్లోనే చూసుకో.

మెమూ మంచిదనడానికి ఇంకో కారణం హెబ్బాళ. మెజెస్టిక్ దాకా పోతే అక్కడి నుంచి మళ్ళీ వచ్చిన దారినే ఉత్తరానికి సిటీ బస్సులో రావాల. పొద్దున ఆ బళ్ళారి రోడ్డు ట్రాఫిక్ సంగతి ఎవర్నడిగినా చెబుతారు. అంతా కలిపి గంట పైమాటే. యలహంకలో దిగితే హెబ్బాళకు నేరుగా సిటీ బస్సులున్నాయి. దాని తర్వాత వచ్చే కొడిగేహళ్ళి స్టేషన్ ఇంకా దగ్గర. అక్కడ ఎక్స్‌ప్రెస్‌లు ఆగవు, చాలా లోకల్ బండ్లు ఆగుతాయి. నువ్వెక్కే దానికి హాల్ట్ ఉందో లేదో ముందే చూసుకో, లేకుంటే యలహంకలోనే దిగు. బెంగళూరంటే ఒక స్టేషన్ కాదమ్మా. మెజెస్టిక్ దగ్గరిది వేరు, కంటోన్మెంట్ వేరు, యశ్వంతపురం వేరు, బైయప్పనహళ్ళి దగ్గర విశ్వేశ్వరయ్య టెర్మినల్ వేరు. టికెట్ మీద ఏది రాసుంటే అక్కడికే పోతావు. వేరే పని మీద పోయేటప్పుడు కూడా ముందు చేరాల్సిన చోటు ఏ స్టేషన్‌కు దగ్గరో చూసి, ఆ తర్వాత రైలు వెతుకు. మెజెస్టిక్, యశ్వంతపురం రెండింటికీ మెట్రో ఉంది. విశ్వేశ్వరయ్య టెర్మినల్ నుంచి మెట్రో ఎక్కాలంటే ఆటోనో బస్సో పట్టుకోవాల.

వందే భారత్ ఎందుకు వద్దని అడుగుతావు. 2023 సెప్టెంబర్ 24న మొదలైన ఆ బండి కాచిగూడలో పొద్దున బయలుదేరి కర్నూలు, అనంతపురం మీదుగా యశ్వంతపురం చేరేసరికి మధ్యాహ్నం అవుతుంది. కాసేపటికే అదే రేక్, అంటే అవే పెట్టెలు, తిరిగి కాచిగూడకు బయలుదేరుతుంది. మన ఊరి నుంచి పోయి పని చూసుకొని రావడానికి ఆ టైం కుదరదు. హైదరాబాద్ వైపు వాళ్ళ కోసం వేసిన బండి అది.

ఒకవేళ హిందూపురం పోవడం కుదరకుంటే, అప్పుడు కాచిగూడ నుంచి మైసూరు పోయే రాత్రి బండి తీసుకో. తెల్లవారేసరికి బెంగళూరు చేరుస్తుంది, ఆలస్యమైనా నీ చేతిలో గంటలు మిగులుతాయి. కానీ అనంతపురంలో అర్ధరాత్రి దాటినాక ఎక్కాల, నిద్ర చెడుతుంది, ఆ కళ్ళతో ఇంటర్వ్యూకి పోవాల. అందుకే దాన్ని నేను రెండోదిగానే చెబుతున్నాను.

టికెట్ల సంగతికి వస్తాను. ఇక్కడ డబ్బు పోయేదానికంటే పరువు పోయేది ఎక్కువ. లోకల్, ప్యాసింజర్ బండ్లకు ఆర్డినరీ టికెట్. దానికి కనీస చార్జీ 10 రూపాయలు. ఎక్స్‌ప్రెస్ జనరల్ టికెట్‌కు కనీసం 30. సూపర్‌ఫాస్ట్ అయితే జనరల్‌లో దాని మీద ఇంకో 15. ఎక్కువ చార్జీ టికెట్‌తో తక్కువ బండి ఎక్కొచ్చు. తక్కువ టికెట్‌తో ఎక్కువ బండి ఎక్కకూడదు. మెమూ కోసం ఆర్డినరీ టికెట్ తీసుకుంటావు, మెమూ లేటంటారు, ఎదురుగా బెంగళూరు ఎక్స్‌ప్రెస్ ఒకటి వచ్చి నిలబడుతుంది, అందరూ ఎక్కుతున్నారని నువ్వూ ఎక్కుతావు. టీటీఈ పట్టుకుంటే చార్జీలో తేడా కట్టాల, దాని మీద జరిమానా తక్కువలో తక్కువ 250 రూపాయలు. నంబరు చూస్తే బండి జాతి తెలుస్తుంది. ఐదంకెల నంబరు 5తో మొదలైతే ప్యాసింజర్, 6తో మొదలైతే మెమూ, 7 అయితే డెమూ, అంటే డీజిల్ లోకల్. 12, 22 లాంటివి సూపర్‌ఫాస్ట్. 0తో మొదలైతే స్పెషల్, దాని చార్జీ ఏమిటో కౌంటర్‌లో అడగాల్సిందే.

అందుకే ఏ బండి దొరుకుతుందో తెలియని రోజు ముందుగానే సూపర్‌ఫాస్ట్ జనరల్ టికెట్ తీసుకోమంటాను. నలభై యాభై రూపాయలు ఎక్కువైతే అయింది, ఆ దారిలో పోయే ఏ బండిలోనైనా జనరల్ పెట్టె ఎక్కే హక్కు ఉంటుంది. అన్నీ రిజర్వేషన్ పెట్టెలే ఉండే బండ్లకు, వందే భారత్‌కు అది పనికిరాదు, స్లీపర్ పెట్టెలోకి కూడా పనికిరాదు.

ఇంకో మెలిక ఉంది. 199 కిలోమీటర్ల లోపు జనరల్ టికెట్ తీసుకుంటే, తీసుకున్న మూడు గంటల్లోపు గానీ, ఆ తర్వాత పోయే మొదటి బండికి గానీ, ఏది ఆలస్యమైతే ఆ లోపల ప్రయాణం మొదలుపెట్టాల. హిందూపురం నుంచి బెంగళూరు టికెట్ ఈ లెక్క కిందికే వస్తుంది, కాబట్టి ముందురోజు రాత్రే తీసి పెట్టుకుందామంటే చెల్లదు. అనంతపురం నుంచి బెంగళూరు 200 దాటుతుంది, దానికి మూడు రోజుల ముందు నుంచి ఇస్తారు. ఫోన్‌లో రైల్‌వన్ యాప్‌తో తీసుకోవచ్చు, కానీ స్టేషన్ లోపలికి పోయినాక పేపర్‌లెస్ టికెట్ రాదు, బయటే తీసుకోవాల. టీటీఈకి యాప్‌లోనే చూపించాల, స్క్రీన్‌షాట్ చెల్లదు. ఫోన్ ఆరిపోతే నీ దగ్గర టికెట్ లేనట్టే. ఇంటర్వ్యూ రోజు మాత్రం కౌంటర్‌లో కాగితం టికెట్ తీసుకో తల్లీ.

వచ్చేటప్పుడు లెక్క తిరగబడుతుంది. సాయంత్రం బెంగళూరులో ఎక్స్‌ప్రెస్‌లు అక్కడే బయలుదేరతాయి కాబట్టి టైంకే కదులుతాయి, లూప్‌లో ఆగే పని ఉండదు, నేరుగా అనంతపురంలో దించుతాయి. కర్ణాటక, ఉద్యాన్ రెండూ సాయంత్రం, రాత్రి వేళల్లోనే ఉన్నాయి. కాబట్టి పోయేటప్పుడు లోకల్, వచ్చేటప్పుడు ఎక్స్‌ప్రెస్. ఒక్క జాగ్రత్త ఏమంటే, పొద్దున ఆ ఊరు చేరిన రేక్‌నే కడిగి సాయంత్రం పంపించే బండ్లు కొన్ని ఉంటాయి. వచ్చే బండి బాగా లేటైతే పోయే బండీ లేటుగా కదులుతుంది. మధ్యాహ్నం ఒకసారి నీ బండి జత రైలు, అంటే అదే పేరుతో బెంగళూరు వచ్చేది, ఎక్కడుందో చూసుకో.

రిజర్వేషన్ ఇప్పుడే చేసెయ్. అరవై రోజుల ముందు నుంచి ఇస్తారు, దూరం బండ్లలో మన దగ్గర ఊళ్ళకు సీట్లు తక్కువ, త్వరగా అయిపోతాయి. ఇంటర్వ్యూ ఎప్పుడు ముగుస్తుందో తెలియదు కాబట్టి సాయంత్రం బండ్లలో ముందుది వద్దు, తర్వాతది తీసుకో. వెయిటింగ్ లిస్టులోనే మిగిలిపోతే ఆన్‌లైన్ టికెట్ దానంతట అదే రద్దవుతుంది, దాన్ని పట్టుకొని స్లీపర్ ఎక్కొద్దు. ఆర్‌ఏసీ అయితే ఎక్కొచ్చు, కూర్చోవడానికి చోటు ఇస్తారు. తత్కాల్ ముందురోజు, ఏసీకి పదింటికి, స్లీపర్‌కు పదకొండింటికి తెరుస్తారు. ఖాతాకు ఆధార్ ముందే కలిపి ఉండాల. సీటు ఖాయమైతే, ఆ బండికి యలహంకలో హాల్ట్ ఉంటే బోర్డింగ్ అక్కడే పెట్టు. సీటు లేక జనరల్‌లో రావాల్సి వస్తే మాత్రం యలహంకలో ఎక్కొద్దు, అప్పటికే నిండిపోయి ఉంటుంది. శ్రమ అనుకోకుండా మెజెస్టిక్ పోయి, బండి ప్లాట్‌ఫాం మీద పెట్టినప్పుడే ఎక్కు.

ఇవన్నీ తప్పినా భయపడొద్దు. హెబ్బాళ మీదుగానే మన వైపు బస్సులు పోతాయి. అనంతపురం బస్సు అక్కడే ఎక్కి రా. రైలు టికెట్ డబ్బులు పోతే పోనీ.

ఇక నా భయం ఒకటి ఉంది, ఇది నువ్వు తప్పకుండా వినాల. యలహంక లాంటి చోట ఎక్స్‌ప్రెస్ నిలిచేది ఒకటి రెండు నిమిషాలే. నీ పెట్టె ప్లాట్‌ఫాం చివర ఉంటే, సర్టిఫికెట్ల సంచి పట్టుకొని, చుడిదార్ చున్నీ కాళ్ళకు తగులుతుంటే పరుగెత్తాల. బండి కదిలినాక కమ్మీ పట్టుకొని ఎక్కబోతే, చెయ్యి జారిందంటే మనిషి కిందపడడు, పెట్టెకూ ప్లాట్‌ఫాంకూ మధ్య సందులోకి పోతాడు. చిన్న స్టేషన్లలో ప్లాట్‌ఫాం ఎత్తు తక్కువ, మెట్టుకూ నేలకూ దూరం ఎక్కువ, అక్కడ ఇంకా ప్రమాదం. కాబట్టి పది నిమిషాల ముందే పోయి కోచ్ పొజిషన్ బోర్డు చూసి నీ పెట్టె ఆగే చోట నిలబడు. ఆలస్యమైతే దగ్గర్లో ఏ పెట్టె వాకిలి ఉంటే అందులోకి, బండి ఆగి ఉన్నప్పుడే ఎక్కు. చాలావరకు లోపలి నుంచే నీ పెట్టెకు నడుచుకుంటూ పోవచ్చు. కదిలిందా, వదిలెయ్. కదిలే బండి ఎక్కనని నాకు మాట ఇవ్వాల. దిగేటప్పుడూ అంతే, పూర్తిగా ఆగినాకే.

రాత్రి బండిలో నిద్ర పట్టేస్తుంది, మెలకువ వచ్చేసరికి గుంతకల్లు ఉంటుంది. బండి ధర్మవరం చేరే టైంకు ఫోన్‌లో అలారం పెట్టు. అక్కడి నుంచి మనకు 34 కిలోమీటర్లు, లేచి మొహం కడుక్కొని సంచి సర్దుకోవడానికి చాలు. ధర్మవరంలో బండి కదలగానే ఇంటికి ఫోన్ చెయ్యి. మీ తమ్ముణ్ణి స్కూటర్ బయట పెట్టి ప్లాట్‌ఫాం మీదికే రమ్మని చెప్పినాను, పది రూపాయల ప్లాట్‌ఫాం టికెట్ తీసుకొని వస్తాడు. నీ పెట్టె నంబరు వాడికి ముందే పంపు. పీఎన్ఆర్ నంబరు నాకు పంపు, బండి ఎక్కడుందో నేను చూస్తుంటాను.

అత్తకు ఈ రాత్రే ఫోన్ చేస్తాను. నువ్వు హిందూపురం ఏ బస్సుకు పోతావో రేపు పొద్దునకల్లా చెప్పు.

మీ పెద్దనాయన
అనంతపురం